నాణేల ముచ్చట్లు: పోపుల నాణేల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఈ పేజీలో పోప్ తొమ్మిదో పయస్ బొమ్మ ఉన్న 1866 నాటి వెండి లీరా ఫొటో వేసి దాని గురించి నాలుగు ముక్కలు రాశాను కదా, దానికొచ్చిన ఉత్తరాలు చూస్తే మన విశాఖలో ఇన్ని ఇళ్ళల్లో పోపుల నాణేలున్నాయా అనిపించింది. పోర్టు ఊరు కదండీ, ఓడల్లో చేసొచ్చినవాళ్ళ ట్రంకు పెట్టెల్లో ఏ దేశం చిల్లరైనా ఉంటుంది. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

"మా నాన్నగారు మర్చంట్ నేవీలో చేసి రిటైరయ్యారండి. ఆయన డబ్బాలో తొమ్మిదో పయస్‌వి 10 సోల్దీ వెండి నాణేలు రెండు దొరికాయి, చిన్నవి, మన పాత పావలా అంత ఉంటాయి, రెండిటి మీదా 1868 అనే ఉంది. డూప్లికేటే కదా అని ఒకటి ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటుంటే మా తమ్ముడు చూసి 'అక్కా, తల చుట్టూ ఉన్న రాత చివర ఒకదానికి గీత ఎక్కువుంది' అన్నాడు. అచ్చు తప్పా? అచ్చు తప్పైతే రేటు ఎక్కువుంటుందా?" – ఒక పాఠకురాలు, మల్కాపురం

ఇవ్వకండమ్మా, రెండూ ఉంచుకోండి. మీ తమ్ముడి కళ్ళు బావున్నాయి. అది అచ్చు తప్పు కాదు, ఆ గీతే అసలు విషయం. పోపుల నాణేల మీద మామూలు సంవత్సరంతో పాటు ఆ పోప్ గద్దెనెక్కి ఎన్నో ఏడు నడుస్తోందో కూడా రోమన్ అంకెల్లో వేస్తారు. మీ దగ్గరున్న ఒకదాని మీద ఎక్స్‌లు రెండు, ఐలు రెండు ఉండుంటాయి, అంటే 22వ ఏడు, రెండోదాని మీద ఐలు మూడు, అంటే 23. తొమ్మిదో పయస్ ఎన్నికైంది 1846 జూన్‌లో, కాబట్టి ఆయన ఏడు జనవరిలో మారదు, జూన్‌లో మారుతుంది. 1868లో జూన్ దాకా కొట్టినవి 22, ఆ తర్వాత కొట్టినవి 23. డేటు ఒకటే అయినా లెక్కకి రెండు వేర్వేరు నాణేలు, కేటలాగుల్లో కూడా విడివిడిగానే చూపిస్తారు.

దీనికొక తేలిక లెక్క ఉంది, కాగితం మీద రాసుకోండి. నాణెం మీదున్న సంవత్సరంలోంచి 1846 తీసెయ్యండి, వచ్చిన అంకే రోమన్ అంకెల్లో ఉంటే అది జూన్ లోపుది, దానికి ఒకటి కలిపితే వచ్చే అంకె ఉంటే జూన్ తర్వాతది. ఈ రెండిటిలో దేనికీ కుదరని అంకె కనిపించిందంటే మాత్రం ఆ నాణేన్ని గట్టిగా అనుమానించండి, నకిలీ చేసేవాళ్ళు డేటు సరిగ్గానే వేస్తారు గానీ ఈ లెక్క దగ్గర దొరికిపోతుంటారు. వేరే పోప్ అయితే 1846కి బదులు ఆయన ఎన్నికైన ఏడూ, జూన్‌కి బదులు ఆయన నెలా పెట్టుకుంటే చాలు.

మన నాణేలు పోగేసేవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, మొఘల్ రూపాయల మీద కూడా హిజ్రీ ఏడుతో పాటు పాదుషా ఏలుబడి ఏడు ఉండేది. కాకపోతే కంపెనీవాళ్ళు మద్రాసులో కొట్టిన ఆర్కాటు రూపాయల మీద రెండో ఆలంగీర్ పేరు, హిజ్రీ 1172, ఆయన ఆరో ఏడు అని బిగించేసి, ఆయన పోయిన దశాబ్దాల తర్వాత కూడా అదే కొడుతూ పోయారు. ఆ డేటు చూసి ఆ రూపాయి ఎప్పటిదో చెప్పలేం. పోపుల నాణేల్లో అలా కాదు, అంకె నిజంగా ఏడాదికోసారి కదులుతుంది, దాన్ని బట్టి నాణెం ఏ ఆరు నెలల్లో కొట్టారో దాకా చెప్పగలం. నాకు వీటి మీద ఇంత ఇష్టం కలగడానికి సగం కారణం అదే.

ఇక రేటు సంగతి. ఈ చిన్న వెండి నాణేలు బాగా దొరుకుతాయి, దొరకడానికి కారణం కూడా చెప్తాను. పోప్ ప్రభుత్వం 1866లో పాత స్కూదో పద్ధతి వదిలేసి లీరాకి మారింది. అంతకుముందు స్కూదోకి 100 బయోక్కీలు, లీరా వచ్చాక లీరాకి 20 సోల్దీ, పాత స్కూదోకి 5.375 లీరాలు. లీరా బరువు 5 గ్రాములు, వెండి వెయ్యికి 835 పాళ్ళు, మీ 10 సోల్దీ అందులో సగం, రెండున్నర గ్రాములు. లాటిన్ మానిటరీ యూనియన్ అని ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియం, స్విట్జర్లాండ్ కలిసి పెట్టుకున్న కొలతల్నే వీళ్ళూ పాటించారు గానీ, ఆ చిన్న వెండి నాణేల్ని మరీ ఎక్కువ కొట్టి వదిలేశారు, చివరికి ఫ్రాన్స్‌లోనూ స్విట్జర్లాండ్‌లోనూ మాకొద్దని తిప్పికొట్టారు. 1870 సెప్టెంబర్ 20న ఇటలీ సైన్యం రోమ్‌లోకి రావడంతో ఆ టంకశాల కథే ముగిసింది. కాబట్టి మీ రెండూ కోట్లు తెచ్చిపెట్టేవి కావు, కానీ కలెక్షన్ మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి జత ఉండదు.

పోయిన నెల ఫొటో వేసిన 1866 లీరాలో కూడా రకాలున్నాయి, చిన్న బస్టు, పెద్ద బస్టు అంటారు, బస్టు అంటే తల నుంచి భుజాల దాకా ఉన్న బొమ్మ. పోప్ బొమ్మకీ చుట్టూ ఉన్న అక్షరాలకీ మధ్య ఖాళీ చూడండి, చిన్నదానిలో బొమ్మ చుట్టూ ఖాళీ బాగా కనపడుతుంది, పెద్దదానిలో బొమ్మ అక్షరాల మీదకి వచ్చేసినట్టుంటుంది. ఒక్కటే చేతిలో ఉంటే తెలీదు, రెండూ పక్కపక్కన పెడితే వెంటనే తెలిసిపోతుంది.

"1939 నాటి వెండి నాణెం ఒకటి కొన్నాను. పోప్ బొమ్మా లేదు, పోప్ పేరూ లేదు, ఒకవైపు గొడుగు కింద ఏదో చిహ్నం, తాళంచెవులు, రెండోవైపు పావురం. నకిలీ అంటగట్టారా?" – ఒక పాఠకుడు, డాబాగార్డెన్స్

లేదండీ, నకిలీ అయితే పోప్ బొమ్మే పెట్టేవాళ్ళు. దీన్ని సేదే వకాంతే నాణెం అంటారు, అంటే పోప్ పీఠం ఖాళీగా ఉన్న రోజుల్లో వేసింది. ఒక పోప్ పోయి ఇంకొకరు ఎన్నికయ్యే దాకా పరిపాలన చూసే కార్డినల్‌ని కామెర్లెంగో అంటారు, ఆ మధ్యకాలంలో నాణేల మీద ఆయన వంశచిహ్నం వేసి పైన గొడుగు, తాళంచెవులు పెడతారు, పావురం పవిత్రాత్మకి గుర్తు.

మీ నాణెంలో ఒక గొప్ప విశేషం ఉంది. పదకొండో పయస్ 1939 ఫిబ్రవరి 10న పోయారు, అప్పుడు కామెర్లెంగో ఎవరంటే కార్డినల్ పచెల్లి. మార్చి 2న పోప్‌గా ఎన్నికైందీ ఆయనే, పన్నెండో పయస్. అంటే ఒకే మనిషి చిహ్నం అదే ఏడాది కార్డినల్ హోదాలో గొడుగు కిందా, పోప్ హోదాలో మూడంతస్తుల కిరీటం కిందా వచ్చింది. 1939 నాటి పన్నెండో పయస్ నాణెం, మొదటి ఏడు అని ఉన్నది, ఒకటి సంపాదించి రెండూ పక్కపక్కన పెట్టుకోండి. 1939లో సేదే వకాంతేవి 5 లీరాలు, 10 లీరాలు, రెండూ వెండివే వచ్చాయి. 1978లో అయితే ఆగస్టులో ఆరో పౌల్, సెప్టెంబర్ చివర్లో మొదటి జాన్ పౌల్ పోవడంతో ఒకే ఏడాది రెండుసార్లు సేదే వకాంతే నాణేలు వేశారు.

"భీమిలిలో మా తెలిసినవాళ్ళ దగ్గర కొన్నాను, పెద్ద రాగి నాణెం, మరియమాత తల, తల చుట్టూ నక్షత్రాలు, వెనక బయోక్కీ చింక్వే, కింద 1797. మామూలుగా అందరి దగ్గరా రోమా అని ఉంటుందట, నా దానిమీద ఫోలీన్యో అని ఉంది, కొట్టడం కూడా ఒక పక్కకి జరిగిపోయింది. ఇది మంచిదేనా?" – ఒక పాఠకుడు, భీమునిపట్నం

మంచిదే కాదు, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నాకు బాగా నచ్చింది మీదే. దీన్ని మదొన్నీనా అంటారు, 5 బయోక్కీల రాగి నాణెం. దీనికి తమ్ముడు రెండున్నర బయోక్కీలది ఉంది, దానిమీద పునీత పేతురు తల ఉంటుంది, దాన్ని సాంపియెత్రీనో అంటారు. పోపుల నాణేల్లో రకాలు చదవాలనుకునేవాళ్ళకి ఈ రెండిటికి మించిన బడి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

ఎందుకో చెప్తాను. అప్పటి పోప్ ఆరో పయస్. 1796లో నెపోలియన్ సైన్యం ఇటలీలోకి దిగింది, 1797 ఫిబ్రవరిలో తోలెంతీనో సంధి రాసుకున్నారు, దాంతో పోప్ ప్రభుత్వం ఫ్రెంచివాళ్ళకి భారీగా సొమ్ము కట్టాల్సొచ్చింది, వెండి బంగారం ఊడ్చుకుపోయాయి. బజార్లో చిల్లర కావాలి, వెండి లేదు, ఉన్నది రాగి. రోమ్ టంకశాల ఒక్కదానితో పని జరగదని చిన్న చిన్న ఊళ్ళల్లో కూడా కొట్టడం మొదలుపెట్టారు. అంకోనా, మచెరాతా, పెరూజా, గుబ్బియో, ఫెర్మో, స్పొలేతో, తెర్నీ, తీవొలీ, వితెర్బో, ఓడరేవు చివితవెక్కియా, మీ ఫోలీన్యో, ఇలా చాలా ఊళ్ళ పేర్లు ఈ రాగి మీద కనపడతాయి. ప్రతి ఊళ్ళోనూ అచ్చు చెక్కే చెయ్యి వేరు, అందుకే మరియతల్లి ముఖం ఒక్కో ఊళ్ళో ఒక్కోలా ఉంటుంది, ఒకచోట గుండ్రటి నిండు ముఖం, ఇంకోచోట కోలగా, ముసుగు మడతలు కూడా ఒకదానికి మెత్తగా ఇంకోదానికి కత్తితో గీసినట్టు.

భూతద్దం పట్టుకుని కూర్చోండి, ఏమేం చూడాలో చెప్తాను. నక్షత్రాలు ఎన్ని ఉన్నాయి, ఎన్ని కొసలు. చుట్టూ సాంక్తా దేయి జెనిత్రిక్స్, అంటే పవిత్ర దేవమాత అని ఉంటుంది, ఆ మాటల మధ్య చుక్కలున్నాయా లేవా. వెనకవైపు పోప్ పేరు, ఏడు, అందులో మాటలు పూర్తిగా రాశారా, చోటు చాలక కుదించారా. యు అక్షరానికి వి వేశారా యు నే వేశారా. రోమ్‌లో కొట్టినవాటి మీద బొమ్మ కింద టి, ఎం అని రెండు చిన్న అక్షరాలు కనపడొచ్చు, అవి చెక్కినాయన తోమ్మాజో మెర్కందెత్తి పొడి అక్షరాలు, మీ ఫోలీన్యోదాని మీద ఆ చోట ఏముందో చూడండి. ఆ తర్వాత పొలంలో, అంటే బొమ్మకీ అక్షరాలకీ మధ్య ఖాళీలో, వెంట్రుకలాంటి ఉబ్బెత్తు గీతలు కనపడితే అది నాణెం పగులు కాదు, అచ్చు పగులు, అచ్చులో పగులొస్తే ఆ సందులోకి రాగి ఎక్కి గీతలా నిలబడుతుంది. ఒకే అచ్చుతో కొట్టిన రెండు నాణేలు దొరికి, ఒకదానిలో పగులు చిన్నగా ఇంకోదానిలో పెద్దగా ఉంటే ఏది ముందు కొట్టారో ఏది తర్వాతో మీ బల్ల దగ్గర కూర్చునే తేల్చెయ్యొచ్చు.

మీ నాణెం పక్కకి జరిగిందన్నారు, హడావుడిగా కొట్టిన సరుకు కాబట్టి అవి జరగడం, ఒకవైపు చదునైపోవడం, బరువులు తేడా రావడం మామూలే, దానికి రేటు ఎక్కువా కాదు, తక్కువా చెయ్యక్కర్లేదు, ఊరి పేరు మాత్రం పూర్తిగా చదవగలిగేలా ఉండాలి. ఏడు సరిచూసుకోండి, ఆరో పయస్ ఎన్నికైంది 1775 ఫిబ్రవరిలో, కాబట్టి 1797 నాణెం మీద దాదాపు ఎప్పుడూ 23 ఉండాలి, ఆ ఏడు మొదటి నెలన్నరలో కొట్టినదైతే 22.

"చిన్న వెండి నాణెం, చుట్టూ రాత మొత్తం అరిగిపోయింది, డేటు లేదు. కవచంలాంటి దాంట్లో మూడు పురుగులు కనపడుతున్నాయి. ఏ పోప్‌దో చెప్పగలరా?" – సీతమ్మధార నుంచి ఒక పాఠకుడు

చెప్పగలను, ఫొటో అక్కర్లేకుండానే. అవి పురుగులు కావండీ, తేనెటీగలు. మూడు తేనెటీగలంటే బార్బెరీనీ వంశం, ఆ వంశం పోప్ ఎనిమిదో అర్బన్ ఒక్కరే, 1623 నుంచి 1644 దాకా. రోమ్‌లో ఆయన కట్టించినవాటి మీద ఎక్కడ చూసినా ఈ తేనెటీగలే.

పేరు అరిగిపోయినా కవచం, అంటే వంశచిహ్నం ఉన్న డాలు బొమ్మ, మిగిలితే చాలు అనేది అందుకే. బొంకొంపాన్యీ వంశం గుర్తు రెక్కల డ్రాగన్, అది కనపడితే 13వ గ్రెగరీ, 1582లో మనం ఇవాళ వాడుతున్న క్యాలెండర్ తెచ్చింది ఆయనే. బేరిపళ్ళ కొమ్మ పట్టుకున్న సింహం ఐదో సిక్స్టస్. డ్రాగన్ ఉండి పైన గద్ద కూడా ఉంటే బొర్గేసే వంశం, ఐదో పౌల్. నోట్లో ఆలివ్ రెమ్మ పట్టుకున్న పావురం పాంఫీలీ వంశం, పదో ఇన్నోసెంట్, పైన చెప్పిన పచెల్లి చిహ్నంలో కూడా రెమ్మ పట్టుకున్న పావురమే ఉంది కానీ ఇద్దరికీ మధ్య మూడు వందల ఏళ్ళు, నాణెం తయారీ చూస్తేనే తెలిసిపోతుంది. ఓక్ చెట్టు దెల్లా రొవేరె, ఇక్కడ మాత్రం ఆగాలి, ఎందుకంటే ఆ వంశం నుంచి నాలుగో సిక్స్టస్, రెండో జూలియస్ ఇద్దరు పోపులు. మెదిచీవాళ్ళ గుండ్లు కనపడ్డా అంతే, పదో లియో, ఏడో క్లెమెంట్, నాలుగో పయస్, ఇంతమంది వాడారు. అలాంటప్పుడు మిగిలిన ఒకటో రెండో అక్షరాలతో పాటు బరువు కూడా తూచి తేల్చుకోవాలి.

ఏడో క్లెమెంట్ పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. ఆయన టంకశాలకి అచ్చులు చెక్కిచ్చినవాళ్ళలో బెన్వెనూతో చెల్లీనీ ఉన్నాడు, శిల్పి, కంసాలి. నీళ్ళలో మునిగిపోతున్న పేతురుని క్రీస్తు చెయ్యి పట్టుకుని లేపుతున్న బొమ్మ, చుట్టూ 'ఎందుకు సందేహించావు' అనే సువార్త మాట, అరచేతిలో ఇమిడే వెండి ముక్క మీద అంత కథ! అసలుది మనలాంటివాళ్ళకి అందదు, బజార్లో తక్కువకి వస్తోందంటే అది కాపీయే, ఫొటోలో చూసి ఆనందించండి.

"పోప్ ఐదో మార్టిన్ బొమ్మ ఉన్న పెద్ద కంచు నాణెం ఉంది, 600 ఏళ్ళ నాటిదని చెప్పి ఇచ్చారు. వెల ఎంత అనేది ఎక్కడా రాసి లేదు. నిజమేనా?" – గాజువాక పాఠకుడు

ఇది నాణెం కాకపోవచ్చండీ, మెడల్ అయ్యుంటుంది. ఐదో మార్టిన్ 1417 నుంచి 1431 దాకా పోప్, నిజమే, కానీ ఆయన బొమ్మతో దొరికే మెడల్స్ 17వ శతాబ్దంలో పాత పోపుల సిరీస్ అంటూ వెనక్కి వెళ్ళి తయారుచేసినవి, పాలదీనో అనే ఆయన మొదలుపెట్టిన సిరీస్ అది. పైగా పాత అచ్చులు టంకశాల దగ్గరే ఉండిపోవడంతో 19వ శతాబ్దంలో కూడా వాటితో కొట్టి అమ్మారు. హమెరానీ అని తరతరాలుగా పోపుల నాణేలూ మెడల్సూ చెక్కిన కుటుంబం ఒకటుంది, వాళ్ళ అచ్చుల సంగతీ అంతే. కాబట్టి బొమ్మలో ఉన్న పోప్ వయసూ లోహం వయసూ ఒకటి కావు.

వెల రాసి లేదు కాబట్టి నాణెం కాదు అని మాత్రం తేల్చెయ్యకండి, చాలామంది ఇక్కడే పొరబడతారు. పాత పోపుల వెండి నాణేల్లో చాలావాటి మీద వెల ఉండదు, జూలియో, తెస్తోనే, పియాస్త్రా అనేది సైజు, బరువు బట్టి జనానికి తెలిసేది. 17వ శతాబ్దపు జూలియో సుమారు 3 గ్రాములు, తెస్తోనే 9 గ్రాముల పైచిలుకు, పియాస్త్రా 32కి కాస్త అటూ ఇటూ. పదకొండో ఇన్నోసెంట్ తెస్తోనేల మీద అయితే వెలకి బదులు 'పుచ్చుకోవడం కంటే ఇవ్వడం మేలు' అని లాటిన్‌లో రాసుంటుంది, వెండి డబ్బు మీదే ఆ మాట రాయించిన మనిషంటే నాకు చాలా గౌరవం. మీదాన్ని గ్రాముల కాటాలో తూచి, అంచు ఫొటో కూడా తీసి పంపండి. అంచు వెంట సన్నటి అతుకు గీతో, పైన సూదిపోట్లలాంటి గుంటలో ఉంటే పోతపోసినదని అర్థం.

"రాగి బయోక్కోకి ఆకుపచ్చగా కిలుము పట్టింది. చింతపండుతో తోమచ్చా?" – వన్‌టౌన్ పాఠకురాలు

వద్దు. చింతపండు, నిమ్మకాయ, ఇత్తడి సామాన్ల పొడి, ఏదీ వద్దు. ఇప్పటిదాకా చెప్పిన చుక్కలూ గీతలూ పొడి అక్షరాలూ అన్నీ మొదట పోయేది ఆ తోమడంలోనే. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. ప్లాస్టిక్ కవర్ అంటుకుని జిగటగా పచ్చగా అయితే అది వేరే సంగతి, దానికి అసిటోన్ పనిచేస్తుంది, కిటికీ తీసి, పొయ్యికి దూరంగా చేసుకోండి. సముద్రం పక్కన ఉన్నాం, గాలిలోనే ఉప్పు తేమ, కాబట్టి పీవీసీ కవర్లు మానేసి మైలార్ అనే పారదర్శక పాలియెస్టర్ పొర ఉన్న అట్ట హోల్డర్లు వాడండి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి వానాకాలంలో మార్చుకుంటూ ఉండండి. నాణేన్ని ఎప్పుడూ అంచులే పట్టుకోండి.

"రాస్ హిల్ దగ్గర్లో పెరిగినవాణ్ణి. 1846లో విశాఖ వచ్చిన ఫ్రెంచి ఫాదర్లు తెచ్చిన పోప్ నాణెం అని ఒకాయన తొమ్మిదో పయస్ నాణేనికి రెట్టింపు అడుగుతున్నాడు. కొనమంటారా?" – పేరు వద్దన్న పాఠకుడు

రెట్టింపు ఇవ్వకండి. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు 1846లో మన ఊరొచ్చిన మాట నిజమే, తొమ్మిదో పయస్ ఎన్నికైందీ అదే ఏడు, వినడానికి భలే కుదిరింది. కానీ వాళ్ళొచ్చింది అన్సీ నుంచి, అన్సీ ఉన్న సవోయ్ అప్పటికి సార్డీనియా రాజ్యంలో భాగం, 1860లో గానీ ఫ్రాన్స్‌లో కలవలేదు, వాళ్ళ జేబుల్లో ఉంటే ఆ రాజు లీరాలే ఉండాలి. పైగా ఫాదర్లు ఇక్కడ దిగింది ఆ ఏడు ఫిబ్రవరిలో, పయస్ ఎన్నికైంది జూన్‌లో. ఆయన బొమ్మ ఉన్న నాణెం వాళ్ళ పెట్టెలో ఎలా వస్తుంది? నాణెం మంచిదైతే మామూలు రేటుకి కొనుక్కోండి, కథకి డబ్బు కట్టకండి.

"ఏయూలో చదువుతున్నాను, నెలకి కొంచెమే పెట్టగలను. ఎక్కడ మొదలుపెట్టాలి?" – విద్యార్థి, పెదవాల్తేరు

వాటికన్ నాణేలతో మొదలుపెట్టు బాబూ. 1929 ఫిబ్రవరిలో లాటెరన్ ఒప్పందంతో వాటికన్ సిటీ ఏర్పడింది, నాణేల మీద మొదటి డేటు కూడా 1929. ఆ మొదటి సిరీస్ చెక్కింది అవురేలియో మిస్త్రూజ్జీ, వెండి 5 లీరాల మీద పడవలో పేతురు, 10 లీరాల మీద బిడ్డతో మరియతల్లి. ఆ వెండివి తర్వాత చూసుకోవచ్చు. పన్నెండో పయస్ కాలం అల్యూమినియం చిల్లర, 1955 నుంచి వచ్చిన స్టీలు 100 లీరాలు తక్కువలో వస్తాయి, వాటి మీద కూడా పోప్ ఏడు ఉంటుంది కాబట్టి చదవడం అలవాటవుతుంది. 1933–34 అని రెండేళ్ళు కలిపి వేసిన నాణెం కనపడితే తప్పని పక్కన పెట్టకు, అది ఆ పవిత్ర సంవత్సరానికి ప్రత్యేకంగా వేసింది. కొన్న ప్రతిదానికీ బరువు, డేటు, పోప్ ఏడు, టంకశాల అక్షరం ఒక నోట్‌బుక్‌లో రాసుకో, రోమ్‌దైతే ఆర్, పాత వాటిలో బొలోన్యాదైతే బి.

"నా దగ్గరున్న తొమ్మిదో పయస్ స్కూదోని గ్రేడింగ్ కోసం అమెరికా కొరియర్ చేద్దామనుకుంటున్నాను. ఏ కంపెనీ మంచిది?" – ఎంవీపీ కాలనీ పాఠకుడు

గ్రేడింగ్ అంటే నాణెం అసలుదా కాదా, ఏ స్థితిలో ఉంది అని చూసి చెప్పడం. కంపెనీ సంగతి తర్వాత, ముందు కొరియర్ ఆపండి. 1972 నాటి మన పురావస్తువుల చట్టంలో వందేళ్ళు దాటిన నాణెం కూడా పురావస్తువే, దాన్ని దేశం దాటించడం మామూలు మనుషులకి కుదరదు, గ్రేడింగ్ చేయించి తిరిగి తెప్పించుకుంటాను అన్నా దేశం దాటినట్టే. ముందు పురావస్తు శాఖవాళ్ళని రాతపూర్వకంగా అడగండి, వాళ్ళు చెప్పేదాకా నాణెం మీ ఇంట్లోనే ఉండాలి. మీకు కావలసింది అసలుదా కాదా అనే అయితే దానికి అమెరికా దాకా అక్కర్లేదు, స్కూదో సుమారు 26.9 గ్రాములుండాలి, వెండి వెయ్యికి 900 పాళ్ళు, కురుపాం మార్కెట్‌లో గీటు పెట్టించకండి, గీస్తే నాణెం పాడవుతుంది, గీత పెట్టకుండా మిషన్ మీద వెండి పాలు చూసే షాపులో చూపించండి. ఆ కాగితం, బరువు, రెండు వైపులా ఫొటోలు నాకు పంపితే పోప్ ఏడు, బస్టు చూసి అది ఏ రకమో వచ్చే నెల రాస్తాను.